తుఫాను వేళ డయాలసిస్ కంచం

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు విజయవాడ మీద పడింది. అజిత్ సింగ్ నగర్, దాని చుట్టుపక్కల కాలనీల్లో కింది అంతస్తులు మునిగిపోయాయి. పై అంతస్తుల వాళ్లు కరెంటు లేకుండా రోజుల తరబడి మేడల మీదే ఉండిపోయారు. పడవల్లోనూ, కొన్నిచోట్ల డ్రోన్లతోనూ భోజనం పొట్లాలు, పాలు, నీళ్ల సీసాలు, బిస్కెట్లు, పళ్లు అందాయి. ఆకలి మీద ఉన్నవాళ్లకు అవి అమృతం. కానీ వాటిని అందుకోవడానికి చాచిన చేతుల్లో, డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి కుట్టిన ఫిస్టులా ఉబ్బి కనిపించే చేతులు కూడా కొన్ని ఉండే ఉంటాయి. వారానికి రెండుసార్లో మూడుసార్లో సెంటరుకు వెళ్లి నాలుగేసి గంటలు మిషను మీద పడుకుంటే తప్ప రోజు గడవనివాళ్ల చేతులవి. వాళ్లకు అదే అరటిపండు, అదే పాల ప్యాకెట్టు ఎంతవరకు మేలు, ఎక్కడి నుంచి కీడు?

ఈ ప్రశ్నకు అమెరికాలో ఒక జవాబు తయారుగా ఉంది. దాన్ని మూడు రోజుల అత్యవసర ఆహారం అంటారు. మన దగ్గర రోగికి రోజువారీ పథ్యం చెబుతారు, వరదలో ఏం తినాలో చెప్పేవాళ్లు తక్కువ. నాకు కనిపించిన తెలుగు కరపత్రాలన్నీ కొబ్బరినీళ్లు వద్దు, టమాటా తగ్గించండి అన్నచోటే ఆగిపోయాయి. సెంటరు మూతపడితే ఏమిటన్న ఊసు వాటిలో లేదు.

ముందు ప్రమాదం ఎంతటిదో చూద్దాం. డయాలసిస్‌కూ డయాలసిస్‌కూ మధ్య ఒంట్లో మూడు పోగుపడతాయి. నీరు, పొటాషియం, యూరియాతో పాటు వచ్చే ఆమ్లం. నీరు ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి చేరి ఆయాసం తెస్తుంది, వెల్లకిలా పడుకోనివ్వదు. పొటాషియం అలా చెప్పి రాదు. కాళ్లు పట్టు తప్పినట్టు అనిపించడం, నాడి మందగించడం కొందరిలో కనిపిస్తాయి. కొందరిలో అవేవీ లేకుండానే గుండె ఆగుతుంది. 2011లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో 32 వేల మందికి పైగా అమెరికన్ రోగుల లెక్కలు అచ్చయ్యాయి. వారానికి మూడుసార్లు చేయించుకునేవాళ్లకు వారాంతంలో రెండు రోజుల ఎడం వస్తుంది. ఆ ఎడం ముగిసిన రోజున మరణాలు మిగతా రోజులకన్నా ఎక్కువని తేలింది. ఏ తుఫానూ లేని మామూలు వారంలోని సంగతి ఇది.

మన దేశంలో చాలామందికి వారానికి రెండుసార్లే డయాలసిస్. సోమ, గురు అనుకుంటే గురువారం తర్వాత మళ్లీ సోమవారమే. మధ్యలో మూడు రోజుల ఖాళీ ప్రతి వారమూ ఉంటుంది. ఆ సోమవారమే తుఫాను తీరం దాటితే ఖాళీ ఐదు రోజులవుతుంది, ఆరు కూడా కావచ్చు. అమెరికన్ కాగితంలో 'మూడు రోజులు' అన్న గడువు మన రోగికి అప్పటికే అయిపోయింది. అందుకే దాన్ని ఉన్నది ఉన్నట్టు తెలుగులోకి దించేస్తే చాలదు.

2005 ఆగస్టులో కత్రినా హరికేన్ న్యూ ఓర్లీన్స్‌ను ముంచాక అక్కడి డయాలసిస్ రోగులను పరిశోధకులు విచారించారు. 44 శాతం మంది కనీసం ఒక్క సెషనైనా తప్పారు. దాదాపు 17 శాతం మంది మూడు, అంతకన్నా ఎక్కువ తప్పారు. ఆ దెబ్బతోనే ఆసుపత్రులు, ప్రభుత్వ విభాగాలు, రోగుల సంఘాలు కలిసి కిడ్నీ రోగుల అత్యవసర కూటమి పెట్టుకున్నాయి. ఆ కూటమీ, నేషనల్ కిడ్నీ ఫౌండేషనూ ప్రచారం చేసే ఆహార ప్రణాళిక సారం ఇది: డయాలసిస్ తప్పుతుందనిపించిన క్షణం నుంచే మొదలుపెట్టండి. రోజుకు ద్రవాలన్నీ కలిపి రెండు కప్పులు, అంటే అర లీటరుకు కాస్త తక్కువ. మాంసకృత్తులు మామూలులో సగం, సుమారు 40 గ్రాములు. పొటాషియం, సోడియం రెండూ 1,500 మిల్లీగ్రాముల లోపు. ఉప్పు లెక్కలో చెబితే రోజు మొత్తానికి నాలుగు గ్రాములకన్నా తక్కువ, ముప్పావు చెంచా.

సగం మాంసకృత్తులు అనేసరికి రోగులు తికమకపడతారు, అది న్యాయమే. మామూలు రోజుల్లో డాక్టరు చెప్పేది దీనికి తలకిందులు. డయాలసిస్‌లో ఒంట్లోని మాంసకృత్తులు కొంత పోతాయి కాబట్టి కిలో బరువుకు 1 నుంచి 1.2 గ్రాములు తినమంటారు. గుడ్డు తినడం లేదేమని గదమాయిస్తారు కూడా. మిషను ఆగిన రోజున లెక్క మారుతుంది. మాంసకృత్తుల వెంటే యూరియా, ఆమ్లం, పొటాషియం, ఫాస్ఫరస్ వస్తాయి, తీసేసే దారి మూసుకుపోయింది. నాలుగైదు రోజులు తగ్గిస్తే కండ ఏమీ కరిగిపోదు. నెలల తరబడి తగ్గిస్తే కరుగుతుంది. అత్యవసర ఆహారం అత్యవసరానికే.

నిజం చెప్పాలంటే ఈ ప్రణాళికకు వెనక పెద్ద ప్రయోగాల దన్ను లేదు. తుఫానులో సగం మందికి ఇది, సగం మందికి అది పెట్టి చూడటం ఎవరి తరమూ కాదు. శరీరం పనితీరు తెలిసినవాళ్లు అనుభవంతో కట్టిన అంచనా ఇది. పైగా ఈ మధ్య పొటాషియం గురించిన ఆలోచనే కొంత మెత్తబడింది. కూరగాయల్లోని పొటాషియం అంతా ఒంటికి పట్టదనీ, తిన్నదానికీ రక్తంలో తేలేదానికీ సంబంధం అనుకున్నంత బిగువు కాదనీ, మలబద్ధకం కూడా పొటాషియాన్ని పెంచుతుందనీ అంటున్నారు. రోజువారీ పథ్యం సడలించడానికి ఇవి మంచి కారణాలే. మిషను మూతపడిన వారానికి మాత్రం ఆ సడలింపు వర్తించదని నా అభిప్రాయం. కిందటి వారం డాక్టరే సరే అన్న పండు ఈ వారం ఎందుకు కూడదో రోగికి విప్పి చెప్పాలి. చెప్పకపోతే ఆయన రెండు మాటల్నీ కొట్టిపారేస్తాడు.

అమెరికన్ జాబితాలో ఉప్పు లేని ట్యూనా డబ్బాలు, క్రాన్‌బెర్రీ రసం, యాపిల్ గుజ్జు కప్పులు, జామ్, మార్ష్‌మెలోలు ఉంటాయి. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో ఎవరికి దొరుకుతాయి ఇవి? జాబితా వెనకున్న ఆలోచన పట్టుకుంటే మటుకు మన వంటింట్లోనే అంతకన్నా మంచివి ఉన్నాయి. పొటాషియం లేని శక్తి కావాలి. అంటే పిండిపదార్థం, చక్కెర, కొవ్వు. వార్చిన అన్నం వంద గ్రాముల్లో పొటాషియం 35 మిల్లీగ్రాములు. సగ్గుబియ్యం దాదాపు శుద్ధమైన పిండి, పొటాషియం లేనట్టే, మాంసకృత్తులూ లేనట్టే. సామర్లకోట, పెద్దాపురం వైపు తయారయ్యే ఈ తెల్ల గింజల్ని మనం జ్వరం పథ్యంగానూ పాయసంగానూ మాత్రమే చూశాం. డయాలసిస్ రోగి విపత్తు డబ్బాలో మొదటి స్థానం నేను దీనికే ఇస్తాను. మరమరాలు తేలిక, వండక్కర్లేదు, ఉప్పు వెయ్యనివి కొనుక్కోవాలి. అటుకులు, సేమ్యా, బియ్యపు రవ్వ సరే. నెయ్యి, నూనె, చక్కెరలో పొటాషియం ఉండదు. బెల్లం ఆరోగ్యమని చక్కెర మానేసిన ఇళ్లు జాగ్రత్త పడాలి, బెల్లంలో పొటాషియం దండిగా ఉంటుంది.

ఇప్పుడు సహాయక సామగ్రి మూట విప్పుదాం. ఒక లేత బొండం నీళ్లు 300 మిల్లీలీటర్లు అనుకుంటే పొటాషియం దగ్గరదగ్గర 750 మిల్లీగ్రాములు. ఓ మోస్తరు అరటిపండులో 400. అర లీటరు పాల ప్యాకెట్టులో మళ్లీ 750. ఒక బొండం, రెండు పళ్లు, ఒక పాల ప్యాకెట్టు కలిస్తే 2,300. అన్నం ముట్టకుండానే రోజు హద్దు దాటి ఒకటిన్నర రెట్లయింది. ఇచ్చినవాళ్లు కడుపునిండా ప్రేమతో ఇచ్చారు, తీసుకున్నవాళ్లు నీరసంగా ఉందని తాగారు. ఓఆర్ఎస్ కూడా అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత ప్రకారం లీటరు ఓఆర్ఎస్‌లో ఒకటిన్నర గ్రాముల పొటాషియం క్లోరైడ్ కలుస్తుంది. అందులో 780 మిల్లీగ్రాములు పొటాషియమే. కళ్లు తిరుగుతున్నాయంటే వలంటీరు ముందుగా చేతిలో పెట్టేది అదే. విరేచనాలు పట్టుకున్న డయాలసిస్ రోగికి ఎంత ఇవ్వాలో డాక్టరే చెప్పాలి, ఫోన్లోనైనా సరే.

పొట్లాల్లో వచ్చే పులిహోర సంగతి వేరు. చింతపండు అనగానే రోగులు భయపడతారు. చింతపండులో పొటాషియం ఎక్కువే, వంద గ్రాముల్లో 600 పైన. అయితే ఒక పొట్లంలో పడే గుజ్జు ఎంత? పది పదిహేను గ్రాములు. వేరుశనగ గింజలు ఏరి పక్కన పెడితే పొటాషియం వైపు నుంచి పులిహోరకు పెద్ద దోషం లేదు. దాని తప్పు ఉప్పు. నాలుగు వందల మందికి కలిపే గంగాళంలో చెయ్యి ఎప్పుడూ ధారాళంగానే పడుతుంది. ఉప్పు దాహం తెస్తుంది, దాహం నీళ్లు తాగిస్తుంది. వేరే ఏమీ దొరకనప్పుడు సగం పొట్లం తిని, ఉప్పు లేని మరమరాలో ఒట్టి అన్నమో జోడించుకోవచ్చు. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ మాత్రం ఆ వారం మరిచిపోవలసిందే. ఉప్పు మానాలని పొటాషియంతో చేసిన 'తక్కువ సోడియం ఉప్పు' కొని వాడేవాళ్లు ఉన్నారు. కిడ్నీ రోగి ఇంట్లో ఆ ప్యాకెట్టు ఏ రోజూ ఉండకూడదు.

విజయవాడలో వరద తగ్గుతూండగా ఇంటింటికీ బియ్యం, కందిపప్పు, చక్కెర, నూనె, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు పంచారు. ఆ సంచిని డయాలసిస్ కళ్లతో చూడండి. బియ్యం, చక్కెర, నూనె నేరుగా పనికొస్తాయి. ఉల్లిపాయ మితంగా ఫర్వాలేదు. కందిపప్పు వంద గ్రాముల్లో పొటాషియం 1,300 పైచిలుకు, కాబట్టి గుప్పెడుకన్నా తక్కువ, అదీ నానబెట్టి ఆ నీళ్లు పారబోశాక. బంగాళాదుంపలు ముక్కలు కోసి, పుష్కలంగా నీళ్లు పోసి ఉడికించి, వార్చితే పొటాషియం చాలావరకు దిగుతుంది. వరదలో పుష్కలంగా మంచినీళ్లు ఎక్కడివి? పథ్యం పుస్తకాలన్నీ నల్లా తిరుగుతుందనుకుని రాసినవే. నీళ్లు లేనప్పుడు దుంపను పక్కింటికి ఇచ్చెయ్యడమే మేలు.

అరవై కిలోల మనిషి రోజు ఎలా గడవవచ్చో ఒక లెక్క వేశాను. గ్యాస్ పొయ్యి వెలుగుతోందనుకుందాం. పొద్దున పిడికెడు సగ్గుబియ్యం, వంద మిల్లీలీటర్ల పాలు, రెండు చెంచాల చక్కెర, చిక్కగా. మధ్యాహ్నం, రాత్రి కలిపి మూడు కప్పుల వార్చిన అన్నం, పూటకో గుడ్డు అట్టు ఉల్లిపాయతో, అన్నంలో ధారాళంగా నెయ్యి. ఇరవై గ్రాముల పప్పు ఒక పూట. సాయంత్రం నేతిలో వేయించిన మరమరాలు, సగం యాపిల్. ఇంకాస్త చక్కెర మధ్యమధ్యలో. ఇంతా కలిపితే 1,900 కేలరీల చుట్టూ, మాంసకృత్తులు 36 గ్రాములు, పొటాషియం వెయ్యి మిల్లీగ్రాములు. రుచి గురించి అడగొద్దు. గుడ్డు తిననివాళ్లు ఆ స్థానంలో చిన్న గిన్నెడు గట్టి పెరుగు పెట్టుకోవచ్చు, అందులోని నీళ్లను రోజు లెక్కలో కలుపుకుని.

ఇంత నెయ్యీ చక్కెరా ఎందుకంటే, శక్తి చాలకపోతే ఒళ్లు తన కండనే కరిగించుకుంటుంది, కండలోని పొటాషియం రక్తంలోకి దిగుతుంది. లంఖణం పరమౌషధం అన్న మాట మన వాళ్లకు ఎంత నమ్మకమో తెలిసిందే. డయాలసిస్ తప్పింది కదా, అసలేం తినకపోతే సరి అనుకునే పెద్దవాళ్లు ప్రతి సెంటరులోనూ ఉంటారు. వాళ్లు తెలియక పొటాషియాన్ని లోపల్నుంచి తింటున్నట్టు. షుగరు ఉన్నవాళ్ల పని ఇంకా చిక్కు. కిడ్నీలు పోయినవాళ్లలో వాళ్లే ఎక్కువమంది. చక్కెర పెరిగి, ఇన్సులిన్ అందకపోతే పొటాషియం కూడా పెరుగుతుంది, కాబట్టి వరదలో ఇన్సులిన్ ఆపకూడదు, ఐస్‌పెట్టె లేకపోతే తడి గుడ్డ చుట్టిన కుండలో దాచాలి. అలాంటివారికి చక్కెర తగ్గించి నెయ్యి, అన్నం, సేమ్యాల మీద నడపడం ఎంతవరకో ముందుగానే డాక్టరుతో తేల్చుకోవాలి. లో-షుగర్ వస్తే పళ్లరసం కాదు, మూడు చెంచాల చక్కెరో గ్లూకోజో.

నీళ్ల విషయం చెప్పడం తేలిక, పాటించడం నరకం. ఫ్యాను లేదు, ఉక్కపోత, చుట్టూ నీళ్లు. అర లీటరు సీసా ఒకటి తెల్లారగానే నింపుకుని, పాలు టీ తాగినప్పుడల్లా ఆ మేరకు పారబోస్తూ, సాయంత్రానికి అదే సీసాతో సరిపెట్టుకోవడం నాకు తెలిసిన తేలిక పద్ధతి. నోరు పుక్కిలించి ఉమ్మడం, బుగ్గన లవంగమో ఏలక్కాయో ఉంచుకోవడం కొంత ఆదుకుంటాయి. గంజి, చారు, పల్చటి మజ్జిగ ఇవన్నీ నీళ్ల కిందే లెక్క. మూత్రం ఇంకా బాగా వస్తున్నవాళ్లకు డాక్టరు ఈ హద్దు పెంచవచ్చు.

ఇంట్లోనే పొట్టలోకి ద్రవం ఎక్కించుకునే సీఏపీడీ రోగులకు ఈ ఆహారమంతా అక్కర్లేదు. వాళ్లకు విపత్తు అంటే ఆ ద్రవం సంచులు అయిపోవడం. రెండు వారాల నిల్వ అటక మీద ఉంటే వాళ్లు చాలామంది కన్నా నయం.

సోంపేట ఉన్న ఉద్దానం మాట లేకుండా తెలుగులో ఈ చర్చ పూర్తి కాదు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస, పలాస, ఇచ్ఛాపురం మండలాల్లో ఇంతమంది కిడ్నీలు ఎందుకు పోతున్నాయో ఇప్పటికీ తేలలేదు. ఇళ్లకు దగ్గరలో డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి, పలాసలో పరిశోధన కేంద్రంతో కూడిన పెద్దాసుపత్రి వచ్చింది, డయాలసిస్ రోగులకు పింఛను వస్తోంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను తీరం దాటింది సరిగ్గా ఈ నేల మీదే. జీడి, కొబ్బరి తోటలు నేలకూలాయి, రోజుల తరబడి కరెంటు లేదు. కూలిన కొబ్బరి చెట్ల కింద కాయలు కుప్పలు, ఇంట్లో మంచినీళ్లు లేవు, పక్కనే డయాలసిస్ రోగి. బొండం కొట్టి ఇవ్వడం కన్నా సహజమైన పని ఆ ఊళ్లో ఇంకోటి ఉంటుందా? అలాంటి ప్రాంతానికి అలాంటి రోజు కోసం రాసిన కంచం కాగితం కావాలి.

కంచం ఎంత బాగున్నా అది డయాలసిస్‌కు బదులు కాదు. రెండు మూడు రోజులు కొనిపెడుతుంది, అంతే. 2012లో శాండీ హరికేన్ రాబోతోందని తెలిసి న్యూయార్క్, న్యూజెర్సీల్లో చాలా సెంటర్లు రోగుల్ని ముందే పిలిచి డయాలసిస్ చేసి పంపాయి. అలా ముందుగా చేయించుకున్నవాళ్లలో తుఫాను వారంలో ఆసుపత్రి పాలైనవాళ్లు, నెలలోపు చనిపోయినవాళ్లు తక్కువని తర్వాత లెక్క తేలింది. ఈ మొత్తం విషయంలో అన్నింటికన్నా గట్టి ఆధారం ఇదే. మనకు వాతావరణ శాఖ తుఫాను అలర్టు 48 గంటల ముందే ఇస్తుంది. ఆ రెండు రోజుల్లో సెంటరు రాత్రి షిఫ్టు కూడా నడిపితే ఒక్క చుట్టు అందరికీ పూర్తవుతుంది. ఒక్కో సెషనుకు శుద్ధి చేసిన నీరు 120 లీటర్ల దాకా పడుతుంది. కరెంటు పోయాక, బోరు మునిగాక అది కుదిరే పని కాదు, కాబట్టి ముందే. బుడమేరు మాత్రం 48 గంటల ముందు చెప్పి రాలేదు. అందుకే డబ్బా ఏడాదంతా సిద్ధంగా ఉండాలంటున్నాను.

ఆ డబ్బాలో తిండితో పాటు కొన్ని కాగితాలు ప్లాస్టిక్ కవరులో ఉండాలి. డ్రై వెయిట్ (అదనపు నీరు తీసేశాక ఉండే బరువు), ఎన్ని గంటలు, ఏ రోజులు, మందుల చీటీ, హెపటైటిస్ బి, సి పరీక్షల రిపోర్టు, ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు నకలు. కొత్త సెంటరుకు వెళ్తే ముందు అడిగేది ఆ హెపటైటిస్ రిపోర్టే, ఏ మిషను మీద వెయ్యాలో దాన్నిబట్టి తేలుస్తారు. పొటాషియం తగ్గించే పొడి పొట్లాలు కొన్ని ఇంట్లో ఉంచుకోవచ్చా, ఎప్పుడు ఎన్ని వేసుకోవాలి అన్నది డాక్టరు చేతే రాయించుకోవాలి, సొంత వైద్యం వద్దు. మరమరాలు మెత్తబడతాయి, నెయ్యి వాసనొస్తుంది, కాబట్టి ఉగాదికోసారి, దసరాకోసారి డబ్బా దులిపి కొత్తవి నింపాలి. దసరా వెళ్లగానే మన తీరానికి తుఫాన్ల రోజులు మొదలు.

కలెక్టర్ల దగ్గరా, భోజనం పొట్లాలు కట్టే స్వచ్ఛంద సంస్థల దగ్గరా ఒక చిన్న మనవి. డయాలసిస్ సెంటర్లలో రోగుల చిరునామాలు ఎలాగూ ఉన్నాయి. ఆ ఇళ్లకు వేరే రంగు సంచి పంపండి. ఒట్టి అన్నం, మరమరాలు, చక్కెర, నెయ్యి, రెండు ఉడికించిన గుడ్లు, అర లీటరు నీళ్లు. మామూలు పొట్లం కన్నా ఖర్చేమీ పెద్దగా పెరగదు.

మీ ఇంట్లో డయాలసిస్ చేయించుకునేవాళ్లుంటే వచ్చే షిఫ్టుకు వెళ్లినప్పుడు మూడు ప్రశ్నలు అడిగి జవాబులు కాగితం మీద రాయించుకు రండి. సెంటరు మూతపడితే ఏ ఊరు వెళ్లాలి, రోజుకు ఎన్ని నీళ్లు, పొటాషియం తగ్గించే ఆ పొడి ఎప్పుడు వేసుకోవాలి. ఆయాసం వచ్చినా, కాళ్లు పట్టు తప్పినా డబ్బా మూసేసి, పడవ దొరికితే పడవలో, ట్రాక్టరు దొరికితే ట్రాక్టరులో, ఆసుపత్రికి బయల్దేరండి.